ఏడు శ్వాసల చేదు

“నములు,” అంది బచనీ దేవి.

సతేశ్వరి చేతిలోని చేట కింద పెట్టి, అత్తగారు అందించిన వేరు ముక్క నోట్లో వేసుకుంది. వాకిట్లో నీడపట్టున గొంగళి మీద ఆరబోసిన కుట్కి అది, మందుల వాళ్లు కటుకరోహిణి అనేది. పక్కింటి రుక్మా పొలంలోది. మూడేళ్లు పెంచి, నందాష్టమి పండుగ వెళ్లాక తవ్వి, వేలి కణుపంత ముక్కలుగా కోసి ఆరబెట్టిన వేరు. ఆ కొండ ఊరు సిల్‌ఖోలిలో ఎవరి మూటైనా కొనేవాడి దగ్గరికి వెళ్లే ముందు బచనీ దేవి నాలుక మీదుగా వెళ్లవలసిందే. అంతకన్నా ముందు ఆమె కోడలి నాలుక మీదుగా వెళ్లాలి. ఎందుకని ఎవరూ అడగలేదు. అత్త కోడలి చేత చేదు తినిపిస్తుంటే అడగడానికేముంది?

పంటి కింద ముక్క పగలగానే చేదు నాలుక చివరికంటా పాకి గొంతు పట్టుకుంది. ఎంత బిగబట్టినా సతేశ్వరి మొహం ముడుచుకుపోయింది. ముసలమ్మ ఆ మొహంలోకి దాదాపు ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి చూసింది.

“చూడండే మా మహారాణిని. అల్లం, పసుపు పండే కింది ఊరి పిల్ల. కింది పిల్ల, కింది వేరు, రెండూ చప్పనే.”

గోడ మీద కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. రుక్మా అందరికన్నా గట్టిగా నవ్వింది. మూట ఆమెది, ముసలమ్మ దయ కావాలి మరి. తర్వాత బచనీ దేవి తానూ ఒక ముక్క నమిలి, కళ్లు మూసుకుని, వేళ్ల మీద శ్వాసలు లెక్కపెట్టింది. చేదు నోట్లో ఎన్ని శ్వాసల సేపు నిలిస్తే అంత మంచి వేరు. తొందరపడి తవ్వితే అయిదు. పొలంలో శ్రద్ధగా పెంచితే ఏడు. చెట్లు కూడా మొలవడం మానేసిన ఎత్తులో, ఆరు నెలలు మంచు కింద పడుండే బుగ్యాల్ పచ్చికలో తవ్వితే పన్నెండు.

“ఏడు,” అంది బచనీ దేవి. రుక్మా మొహం వెలిగింది.

సతేశ్వరి పక్కకి వెళ్లి నీళ్లు పుక్కిలించి ఉమ్మింది. ఈ తంతు మొదలై రెండేళ్లయింది. మొహం ముడవకుండా నమలాలని ఆమె పశువుల కొట్టంలో ఒంటరిగా సాధన కూడా చేసింది. లాభం లేకపోయింది. నమిలిన ప్రతిసారీ లోపల పోగయ్యే కోపం మాత్రం పుక్కిలిస్తే పోయేది కాదు.

అప్పుడే సాగుదార్ల సంఘం పెద్ద చైతా దేవి మెట్లెక్కి వచ్చింది. ఎప్పుడూ వాకిట్లోకి అడుగు పెడుతూనే టీ అడిగే మనిషి, ఆ రోజు అడగలేదు. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. నవ్వుతున్న వాళ్లందరినీ ఓసారి చూసి, దాన్ని సతేశ్వరికిచ్చింది.

కిందటి నెల తూకం రోజున బచనీ దేవి ఇంటి మూట మూతి విప్పి, పైనుంచి కాస్త వేరు తీసి సీలు వేసి పరీక్షకి పంపారు. ఆ ఫలితం వచ్చింది. వేరులో ఉండవలసిన చేదు సారం ఈ ఊరి మిగతా మూటలకన్నా రెట్టింపు ఉంది. ఎనిమిది వేల అడుగుల ఎత్తు పొలంలో అంత చేదు పుట్టదు, పన్నెండు వేల అడుగుల పైనే పుడుతుంది, కనుక ఇది అమ్మకానికి తవ్వకూడని బుగ్యాల్లో దొంగతనంగా తవ్విన వేరు అని కాగితం చెబుతోంది. శుక్రవారం మూలికల శాఖ ఆఫీసరు బర్త్వాల్ సాబ్ వస్తాడు.

మూట మంచిదైతే కూడా నేరమేనని ఆ గోడ మీద కూర్చున్న వాళ్లకి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. పై ఎత్తున చలి, మండే ఎండ, మూడే మూడు నెలల వేసవి. బతకడానికి పడే పాట్లలో మొక్క తనలో చేదు పెంచుకుంటుందని ఆ ఆఫీసరే కిందటేడు పాఠం చెప్పి వెళ్లాడు. అది వాళ్లకి ముందే తెలుసు. ఆ చేదు తమ మెడకి చుట్టుకుంటుందని మాత్రం తెలియదు.

“దొంగతనమని తేలితే మీ ఒక్క ఇంటితో పోదు భులీ,” అంది చైతా, చెల్లెల్ని పిలిచినట్టు. “ముప్పై రెండు ఇళ్ల సాగు కాగితాలూ రద్దు చేస్తారంట.”

“నేను బుగ్యాల్ మొహం చూసి ఏడాదైంది దీదీ.”

“ఆ మాట నాకు చెప్తే ఏం లాభం?”

రుక్మా తన మూట ముడివేసుకుని లేచింది. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే లేచారు.

*

మరునాడు పొద్దున సతేశ్వరికి గుర్తొచ్చింది, వంటింటి అటక మీద కొయ్య కుండ. జ్వరాలకీ కామెర్లకీ అని ప్రతి ఇంట్లో కాస్త బుగ్యాల్ వేరు దాచుకుంటారు. అమ్ముకోనంతవరకూ దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ దొంగను పట్టుకోవడానికి వచ్చినవాడి కంట అది పడితే? గడ్డివాములో దాచేద్దామని పీట వేసుకుని కుండ దింపింది.

మూత తీసింది. ఎందుకో ఒక ముక్క నోట్లో వేసుకుంది. రెండేళ్ల అలవాటు కావచ్చు. నమిలింది. శ్వాసలు లెక్కపెట్టింది. ఏడో శ్వాసకి నోరు తేటపడింది.

ఇంకో ముక్క నమిలింది. మళ్లీ ఏడే.

సతేశ్వరి పీట మీదే కూర్చుండిపోయింది. ఇంట్లో అలాంటి కుండలు రెండు. ఒకదాంట్లో మందు వేరు, ఇంకోదాంట్లో మూట నిండడానికి చివర్లో పోయడానికి ఉంచిన పొలం వేరు. ఆ రెండోది పొయ్యి పక్కన ఖాళీగా బోర్లించి ఉంది. కోసి ఆరబెట్టాక రెండు రకాల వేళ్లూ చూపుకి ఒక్కటే. తూకానికి ముందు రెండు రోజులు సతేశ్వరి పుట్టింట్లో ఉంది, అన్న కూతురికి పేరు పెట్టే పండుగకి. మూట నింపి మూతి కుట్టింది అత్తగారు. మందు వేరు మూటలో పోసి, పొలం వేరు కుండ అటక మీద పెట్టింది.

కానీ ఎలా? పన్నెండు శ్వాసల చేదుకీ ఏడు శ్వాసల చేదుకీ తేడా చంటిపిల్లలకి కూడా తెలుస్తుంది. ముసలమ్మ ఏ కుండనైనా రుచి చూడకుండా పోస్తుందా?

డాబా మీద ఎండలో కూర్చుని బచనీ దేవి ఉలవలు ఏరుతోంది. సతేశ్వరి వంటింట్లో వేలాడుతున్న ఎండు ముల్లంగి దండలోంచి ఒక ముక్క తెంపి, కణుపంత కోసి, అరచేతిలో పెట్టుకుని పైకెక్కింది. అప్పటికి ఆమె మనసులో ఉన్నది అనుమానం కూడా కాదు, కసి.

“ఇంకో ముక్క చూడండి జీ. మన పొలం వేరే.”

“నువ్వు నమలవా ముందు?”

“నేను చూశాను. మీరు చెప్పండి.”

ముసలమ్మ ఆ ముక్కను వేళ్ల మధ్య కాసేపు తిప్పింది. కోడలి మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఏమీ లేదు. ఇక తప్పదన్నట్టు నోట్లో వేసుకుని, మిగిలిన నాలుగు పళ్లతో మెల్లగా నమిలింది. కళ్లు మూసుకుంది. వేళ్లు ఒక్కొక్కటే ముడిచింది.

“ఏడు,” అంది.

ఎండు ముల్లంగి. సతేశ్వరికి ముందు నవ్వొచ్చింది, నిజం చెప్పాలంటే సంతోషం కూడా వేసింది. చప్పటి నాలుక ఎవరిదో తేలిపోయింది. ఊరి ముందు ఆ మాట అంటే చాలు, దొంగతనం మచ్చా పోతుంది, రెండేళ్ల నవ్వులకీ బదులు తీరుతుంది. అంతలో ముసలమ్మ కళ్లు తెరిచి, చెప్పినది సరిపోయిందా అన్నట్టు ఆమె వైపు చూసింది. బడిలో లెక్క తప్పు చేసిన పిల్ల పంతులమ్మను చూసినట్టు చూసింది. సతేశ్వరి సంతోషం ఆ చూపుతో ఆరిపోయింది.

“సరిగ్గా చెప్పారు జీ,” అని కిందికి దిగిపోయింది.

*

గురువారం చైతా ఇంటి వసారాలో సంఘం కూడింది. ముప్పై రెండు ఇళ్ల ఆడవాళ్లూ వచ్చారు. ఎవరూ సతేశ్వరి పక్కన కూర్చోలేదు. చైతా మంచిగానే మొదలుపెట్టింది. తప్పు ఎవరివల్ల జరిగినా ముందే ఒప్పుకుంటే ఆఫీసరు ఒక ఇంటితో వదిలేస్తాడని, దాచిపెడితే అందరూ మునుగుతారని చెప్పింది. తర్వాత తలా ఒక మాట అన్నారు. పుట్టింటికి వెళ్లానని చెప్పిన ఆ రెండు రోజులూ నిజంగా పుట్టింట్లోనే ఉందా అని ఒకామె అడిగింది. భర్త దిక్పాల్ జీపు వేసుకుని బుగ్యాల్ దారిలో తిరుగుతుంటాడు కదా అని ఇంకొకామె గుర్తుచేసింది. రుక్మా తన ముగ్గురు పిల్లల బడి సంగతి ఎత్తి ఏడ్చింది. ఆమె ఏడుపు నిజమైనదే, అందుకే సతేశ్వరికి ఎక్కువ నొప్పి కలిగించింది.

చెప్పేస్తే అయిపోతుంది. నోటి చివర ఉంది మాట. ఎదురుగా గోడకి చేరగిలబడి బచనీ దేవి కూర్చుని ఉంది. పెళ్లయి ఈ ఊరు వచ్చినప్పటినుంచి ఆమెకి ఉన్న ఆస్తి ఆ నాలుకే. దానికి లేచి నిలబడి దారిచ్చే మనుషులు వీళ్లు.

ముసలమ్మ కర్ర నేలకి కొట్టింది.

“నా బ్వారీ, నా కోడలు, దొంగ కాదు. ఆ మూట నేను నమిలి చూసి కుట్టాను. అది మన పొలం వేరే. ఇంకెవరికైనా ఏమైనా అనాలని ఉంటే నన్నంటారా?”

కోడలి తరఫున ముసలమ్మ మాట్లాడడం ఊరు వినడం అదే మొదటిసారి. సతేశ్వరికి కళ్లలో నీళ్లు తిరిగాయి, వెంటనే భయం కూడా పట్టుకుంది. పొలం వేరే అని ఆమె ప్రమాణం చేసిన మూట పొలం వేరు కాదు. రేపు ఆఫీసరు ముందు ఇదే మాట అంటే ముసలితనంలో అబద్ధాలకోరని పేరు రాసుకుపోతాడు.

దారిలో చెబుదామనుకుంది. ముసలమ్మ ఆమె భుజం పట్టుకుని, రాళ్ల మెట్లు ఒక్కొక్కటే దిగుతోంది. చెప్పకుండానే ఇల్లు చేరారు.

*

బర్త్వాల్ సాబ్ చెడ్డవాడేమీ కాదు. కాగితం మీద ఉన్నదే నిజమని నమ్మే మనిషి, అంతే. శుక్రవారం పదింటికల్లా సీలు వేసిన మూటతో వచ్చి, చైతా వాకిట్లో కుర్చీ వేసుకుని, ఊరంతా వినేలా అడిగాడు. పొలంలో ఇంత చేదు రాదు. మరి వేరు ఎక్కడిది?

బచనీ దేవి కర్ర ఆనించుకుని లేవబోయింది. ఆమెకన్నా ముందు సతేశ్వరి లేచింది.

“నా పొరపాటు సాబ్. ఇంట్లో మందుకి దాచుకున్న కుండ, మూటలోకి పోసే కుండ అనుకుని పోసేశాను. ఒక్క కుండే. పైన మీరు తీసింది అదే. కిందంతా పొలం వేరు.”

చైతా తలెత్తి చూసింది. ముసలమ్మ లేవబోయినది అలాగే ఆగిపోయింది.

కుండే పోసిందో, మూటంతా బుగ్యాల్లోనే తవ్విందో ఎలా నమ్మాలని ఆఫీసరు అడిగాడు. అన్నీ ఒకేలా ఉన్న ముక్కలు, గాడిద మీద కొండ దిగి మళ్లీ జీపులో వచ్చిన మూట, కలిసిపోయి ఉంటాయి. యంత్రం తేల్చాలంటే నెల పడుతుంది, ఈలోగా అందరి కాగితాలూ ఆపవలసిందే అన్నాడు.

“యంత్రం ఎందుకు సాబ్? మా దాదీ నాలుక ఉండగా!” అంది రుక్మా.

ఆ మాటకి అందరూ ప్రాణం లేచొచ్చినట్టు బచనీ దేవి వైపు తిరిగారు. ముసలమ్మ ఒళ్లో చేతులు దగ్గరకి ముడుచుకున్నాయి.

“నేను చూస్తాను,” అంది సతేశ్వరి.

ఎవరో కిసుక్కుమన్నారు. కింది ఊరి నాలుక అని ఇంకెవరో గొణిగారు. ఆఫీసరు టార్పాలిన్ పరిపించి, మూట విప్పి, పైనుంచి మొదలుపెట్టి టీ గ్లాసుతో నలభై చిన్న కుప్పలు పోయించాడు. మూటలో సగం దాకా వచ్చింది. ప్రతి కుప్ప కిందా అంకె రాసిన చీటీ పెట్టాడు. సతేశ్వరిని టార్పాలిన్‌కి వీపు పెట్టి కూర్చోమన్నాడు. ఏ కుప్పలోంచి ఏ ముక్క తేవాలో అతని ఇష్టం. అత్తా కోడళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు, మధ్యలో ఒక చెంబు నీళ్లు, గిన్నెలో వేయించిన రాగి పిండి. బచనీ దేవికి మసక కళ్లు, కుప్పలు అంత దూరానికి కనబడవు.

మొదటి ముక్క పన్నెండు. రెండోది పన్నెండు. మూడోది ఏడు. ఒక్కో ముక్క నమలడం, శ్వాసలు లెక్కించడం, ఉమ్మడం, పిండి చప్పరించడం, పుక్కిలించడం. చెప్పిన అంకె ఆఫీసరు రాసుకుంటున్నాడు. పదో ముక్కకి కళ్ల వెంట నీళ్లు కారాయి. ఇరవయ్యో ముక్క దగ్గర ఆమె లెక్కపెడుతూనే ఉంది, కానీ దేన్ని లెక్కపెడుతోందో తెలియడం లేదు. ఇరవై ఒకటోది నోట్లో పుల్లలా ఉంది. ఇంకో ముక్క అడిగి నమిలింది. అదీ పుల్లే. పిండి కూడా మట్టిలా ఉంది.

“తెలియడం లేదు,” అంది సతేశ్వరి. గొంతు కూడా మొద్దుబారింది. “నాలుక పోయింది సాబ్. కాసేపు ఆగితే...”

ఆగితే ఎంతసేపని ఆఫీసరు అడిగాడు. చేదు విరగడానికి ఒక పూట పడుతుందని చైతా ఒప్పుకోక తప్పలేదు. చీకటి పడకముందే కింది రోడ్డు చేరాలి, మళ్లీ మూట విప్పితే సాక్ష్యం చెల్లదు అంటూ అతను కలానికి మూత పెట్టాడు. ముప్పై రెండు ఇళ్ల వాళ్లూ ఆ కలం వంకే చూస్తున్నారు.

“ఆపకు. నములు,” అంది బచనీ దేవి.

“నాకేమీ తెలియడం లేదు జీ.”

“నీకు తెలియక్కర్లేదు. నములు.”

ఆఫీసరు విసుక్కుంటూనే ఇంకో ముక్క తెచ్చిచ్చాడు. సతేశ్వరి నమిలింది. ఆమె నోటికి ఏమీ తెలియలేదు. ముసలమ్మ ముందుకు వంగి, ఎప్పటిలాగే ముక్కు ఆనించినంత దగ్గరగా ఆ మొహంలోకి చూసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

“ఏడు. ఇంకోటి తెండి.”

ఇంకోటి. “ఏడు.” ఇంకోటి. “పన్నెండు ఇది. కుడి కన్ను కింద చూడండి, ఎలా లాక్కుపోయిందో.”

“మీరు నమలకుండా ఎలా చెబుతున్నారమ్మా?” అన్నాడు ఆఫీసరు.

బచనీ దేవి కర్ర పక్కన పెట్టింది. కోడలిని కాదు, ఊరిని చూస్తూ మాట్లాడింది.

“నా నాలుక చచ్చిపోయి రెండేళ్లయింది. ఆ పెద్ద జ్వరంలో పోయింది. ఉప్పూ లేదు, కారమూ లేదు. ఈ పిల్ల మొహం చూసి చెప్తున్నాను మీ అందరి వేళ్లూ. దీని నాలుక మొద్దుబారినా దీని మొహం మొద్దుబారదు. ఆ రెండు రోజులూ ఇది ఇంట్లో లేదు. ఇదే కదా అనుకుని ఆ కుండ పోసింది నేను. నిన్న ప్రమాణం చేసింది కూడా నేనే. ఈ పిల్ల చెప్పింది అబద్ధం. రాసుకోండి.”

ఆఫీసరు రాసుకోలేదు. లేచి, టార్పాలిన్ దగ్గరికెళ్లి, ఇందాక చూసిన కుప్పల్లోంచే ఆరు ముక్కలు తారుమారు చేసి తెచ్చాడు. సతేశ్వరి నమిలింది. ముసలమ్మ ఒక్కొక్కటీ చెప్పింది. అతను చీటీలతో పోల్చి చూసుకున్నాడు. ఆరుకి ఆరూ ఇందాకటి అంకెలే. ఆ తర్వాత మిగతా కుప్పలన్నీ ఓపిగ్గా తెచ్చిచ్చాడు. కింది కుప్పలన్నీ ఏడే. పన్నెండు అన్న కుప్పలు పోగేసి, ఇంటి నుంచి తెప్పించిన కొయ్య కుండలో పోయించాడు. కుండ ఒక్కటీ నిండింది, ఇంకేమీ మిగల్లేదు.

రెండు రకాల వేళ్లూ మళ్లీ సీలు వేసి తీసుకెళతానని, పొరపాటని రాస్తానని, ఊరి కాగితాలు ఆపనని చెప్పాడు. ఆ మూట మాత్రం ఈ ఏడాది ఎవరూ కొనరు. కాగితం మీద బచనీ దేవి వేలిముద్ర వేసింది. ముద్ర వేస్తున్నంతసేపూ చైతా ఆమె మణికట్టు పట్టుకుని ఉంది. రుక్మా మాత్రం తన మూటకి చెప్పిన ఏడు నిజంగా ఏడేనా అని అడగలేక, అడక్కుండా ఉండలేక, కొంగు నలుపుతూ నిలబడింది.

*

ఇంటికొచ్చాక సతేశ్వరి పొయ్యి రాజేసింది. రొట్టెలు కాలుస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది.

“రెండేళ్లు అందరి ముందూ నవ్వులపాలు చేశారు జీ నన్ను. చెవిలో చెప్పి ఉంటే నేను నమిలేదాన్ని కాదా?”

“నేను నవ్వించకపోతే, నీ మొహమెందుకు చూస్తున్నానా అని వాళ్లకి అనుమానం రాదూ?”

“వాళ్ల సంగతి కాదు. నాకు చెప్పాల్సింది.”

ముసలమ్మ పొయ్యి దగ్గరికి పీట జరుపుకుంది. సతేశ్వరి కోపం తగ్గలేదు. రొట్టె, ఉలవల పప్పు కంచంలో పెట్టి ముందుకు తోసింది. బచనీ దేవి ఒక ముద్ద తిని, అలవాటుగా నొసలు చిట్లించింది.

“ఉప్పెక్కువైంది.”

అని నాలుక కరుచుకుంది.

సతేశ్వరి అట్లకాడ చేత్తో పట్టుకుని తిరిగి చూసింది. ఈ రెండేళ్లలో ఆ మాట అనని పూట లేదు. ఆ మాట విని ఉప్పు తగ్గించి, తగ్గించి, చివరికి ఇంట్లో అందరూ చప్పిడి పప్పే తింటున్నారు. దిక్పాల్ దారిలో హోటళ్ల మీద పడుతున్నది కూడా అందుకే.

“ఎంత ఎక్కువైంది జీ?” అంది. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది, ఆ నవ్వులోంచే ఏడుపు తన్నుకొచ్చింది.

బచనీ దేవి ఇంకో ముద్ద కలిపి, కోడలి నోటి దగ్గరికి చెయ్యి చాపింది.

“నువ్వు తిని చెప్పు,” అంది. “నేను చూస్తాను.”